ఉప్పుకంచె కావలివారు



రాజులు పోరాడిన పొలిమేరలను గూర్చి మన చరిత్రగ్రంథములు విరివిగా వ్రాసినవి. ఆ పొలిమేరపై ఎండకు ఎండి, వానకు తడిసి, రేయింబవళ్లు కావలి తిరిగిన నెలజీతగానిని గూర్చి వ్రాసినది మిక్కిలి తక్కువ. అట్టివారిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని. అయితే నేను చెప్పబోవు కావలివారు పరరాజుల దండును అడ్డుటకై నిలిచినవారు కారు. వారు కాచినది ఉప్పును. వారు నిలిచినది దేశపు అంచున గాదు, దేశపు నడుబొడ్డున. వాయవ్యమున సింధునదీ తీరము మొదలుకొని తూర్పున ఒడ్రదేశమందలి మహానది వరకు, ఇంచుమించు 2,300 మైళ్ల పొడవున, ఆంగ్లేయ ప్రభుత్వము వారొక సుంకపు హద్దును గీసి, దానిపై 12,000 మందికి పైగా మనుష్యులను కావలి యుంచిరి. ఆ హద్దులో వేయి మైళ్లకు పైగా ముండ్లకంచె నడచినది. ఆ కాలపు ఆంగ్లేయులే దానిని చీనాదేశపు మహాకుడ్యముతో పోల్చిరి. చీనా గోడను బడిపిల్లలు సైతము ఎరుగుదురు. మన దేశమున, మన తాతముత్తాతల కాలమున, 1879 వరకు నిలిచియుండిన ఈ కంచెను ఎరిగినవారు అరుదు.

సరిహద్దు కావలి మనకు క్రొత్త కాదు. 1909లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున అంతపాలుడను అధికారి కలడు. అంతము అనగా పొలిమేర. దానిని పాలించువాడు అంతపాలుడు. సరకుబండ్లపై దారిసుంకమును వసూలు చేయుట వాని పని. కాని ఆ శాస్త్రకారుడు అంతటితో విడువలేదు. దారిలో వర్తకునికి పోయిన సొత్తును, దొంగలెత్తికొనిపోయిన సొత్తును అంతపాలుడే చెల్లింపవలెనని విధించినాడు. సుంకము పుచ్చుకొన్న చేయియే రక్షణకు పూచీపడవలెనన్నమాట. ఆ గ్రంథముననే లవణాధ్యక్షుడును కలడు, ఉప్పుపై పన్నును కలదు. అయినను శ్రోత్రియులు, తాపసులు, వెట్టిపని చేయువారు తమ భోజనమునకు వలయు ఉప్పును ఊరక తీసికొనిపోవచ్చునని మినహాయింపు కూడ కలదు. ఈ రెండు ధర్మములను మనస్సున నుంచుకొని తక్కిన కథ వినుడు.

ఉప్పుపై పన్ను ఆంగ్లేయులు క్రొత్తగ కనిపెట్టినది కాదు. కాని దానిని బొక్కసమునకు మూలస్తంభముగ నిలిపినవారు వారే. ప్లాసీయుద్ధము పిమ్మట వంగదేశపు ఉప్పువ్యాపారము కంపెనీవారి చేత చిక్కినది. 1772లో వారన్ హేస్టింగ్సు ఉప్పు తయారీని కంపెనీ అదుపులోనికి తెచ్చెను. పిదప అచ్చట ఉప్పు ధర పెంచినకొలది పెరిగినది. అయితే ఒక చిక్కు కలిగెను. పడమట రాజపుత్రస్థానమున సాంభరు సరస్సు కలదు. ఎండకాలమున దాని ఒడ్డున ఉప్పు పేరుకొని యుండును. వాయవ్యమున పంజాబు ఉప్పుకొండలు కలవు. కచ్ఛదేశపు చేరువ ఉప్పుభూములు కలవు. అచ్చటి చవుక ఉప్పు ఎద్దులమీదను ఒంటెలమీదను తూర్పునకు రాసాగెను. దానిని ఆపుటకు 1803 ప్రాంతమున సుంకపుచౌకీలను పెట్టిరి. 1823 నాటికి గంగాయమునల వెంబడి చౌకీల వరుస ఏర్పడెను. 1834 మొదలు ఇరువది సంవత్సరములు సుంకముల కమీషనరుగ నుండిన స్మిత్ దొర పొగాకు, ఇనుము మొదలగు చిల్లర సరకులను విడిచిపెట్టి, ఉప్పుమీదనే దృష్టి నిలిపి, ఈ వరుసను బలపరచెను. రాజ్యము విస్తరించినకొలది హద్దు పొడవెక్కినది. తుదకు 1869లో విడివిడిగ నుండిన ముక్కలన్నిటిని కలిపి ఒకే హద్దుగ జేయ నాజ్ఞ అయ్యెను. ఢిల్లీ, ఆగ్రా, ఝాన్సీ, హోషంగాబాదు, ఖండ్వా ప్రాంతములగుండ ఆ హద్దు సాగినది.

పన్ను ఎంత యన్న ప్రశ్న మీకు తోచును. 1877 నాటికి వంగదేశమున మణుగునకు 3 రూపాయల 4 అణాలు, ఉత్తరదేశమున 3 రూపాయలు. అది మన మణుగు కాదు సుమా. మనది ఇంచుమించు 25 పౌనులు. అది 82 పౌనులు, నేటి లెక్కను 37 కిలోగ్రాములు. ఒక చిన్న లెక్క వేయుదము. మనిషికి ఏడాదికి 6 కిలోల చొప్పున ఐదుగురున్న సంసారమునకు 30 కిలోల ఉప్పు వలయు ననుకొనుడు. దానిపై పన్ను ఉత్తరదేశమున 2 రూపాయల 6 అణాలు దాటును. ఆనాడు పొలము కూలివానికి నెలకు దొరకునది ఇంచుమించు 3 రూపాయలు. అనగా ఏడాదిలో నెలకూలి యందు ఐదింట నాలుగుపాళ్లు ఒక్క ఉప్పుపన్నునకే సరి. ధనవంతుడును ఉప్పు తినును, పేదవాడును తినును. చెమటోడ్చి పనిచేయు పేదవాడు మరికొంత హెచ్చుగనే తినవలసియుండును. పశువులకును పెట్టవలెను. ఇట్టి పన్ను పేదవాని వీపునకే బరువగునని వేరుగ చెప్పనేల?

ఇక కంచె మాట. మొదట చౌకీల నడుమ ఎండుకంపను పేర్చుచుండిరి. 1867 మొదలు 1870 వరకు కమీషనరుగ నుండిన హ్యూము దొర లెక్కవేయగా, ఒక మైలు ఎండుకంచెకు 250 టన్నుల కంప కావలసివచ్చెను. దానిని దూరమునుండి మోసితెచ్చుట, చీకిపోయినపుడెల్ల మరల వేయుట తీరని శ్రమ. అందుచే నతడు బ్రతికియున్న మొక్కలతో కంచె పెంచుట మేలని నిశ్చయించి, నేలకు తగిన మొక్క ఏదియని పరీక్షలు జరిపించెను. ఆ మొక్కల పేర్లు వినిన మీ చేలగట్లు మీకు జ్ఞప్తికి వచ్చును: తుమ్మ, రేగు, వాక, నాగజెముడు, జెముడు, వీనినడుమ అల్లుకొనుటకు గచ్చతీగ. బాగుగ పెరిగినచోట కంచె ఎత్తు 10 మొదలు 14 అడుగులు, మందము 6 మొదలు 12 అడుగులు. మనిషి దూరుటకు గాని పశువును తోలుటకు గాని సందు లేదు. మొక్క మొలవని రాతినేలను గోడ కట్టిరి. కొన్నిచోట్ల కందకము త్రవ్వి గట్టు వేసిరి. దారులు దాటు తావుల మాత్రము ద్వారము, చౌకీ, తూనిక, చీటి.

ఈ కంచెకు శత్రువులు దొంగలు మాత్రమే కారు. ఎండుకంపను చెదలు తినును; వేసవిలో నిప్పు అంటుకొనిన మైళ్లకొలది బూడిదయగును. పచ్చకంచెను మిడుతలు కొరుకును, బదనికలు పీల్చును, గాలివానలు పెకలించును. వర్షము లేనియేడు మొక్క ఎండును. వీనినన్నిటిని ఎదుర్కొని కంచెను నిలుపవలసినవాడెవడు? కావలి జవానే. వాడు కాపరి, తోటమాలి, మట్టిపనివాడు, కంప మోయు కూలివాడు. 1869 అను ఒక్క సంవత్సరమున ఆ హద్దుమీది జనము చేసిన పని లెక్క వ్రాయబడియున్నది. కావలి తిరిగిన నడక మొత్తము కోటి ఎనుబది లక్షల మైళ్లు. భూగోళమును 720 మారులు చుట్టివచ్చినంత నడక. త్రవ్విన మన్ను 20 లక్షల ఘనపుటడుగులు. మోసిన ముండ్లకంప 1,50,000 టన్నులకు మించినది. ఈ పని చేసినవారు ఆ యేట 136 మంది అధికారులు, 2,499 మంది చిన్న ఉద్యోగులు, 11,288 మంది జవానులు. 1872 నాటికి అందరును కలిసి 14,188 మంది అయిరి. 1,700కు పైగా ఠాణాలుండెను.

ఈ జవాను బ్రదుకు ఎట్లుండెను? జీతము నెలకు 5 రూపాయలు. కూలివాని మూడు రూపాయలకంటె మేలే. పట్టుకొనిన ఉప్పు అమ్మగా వచ్చు సొమ్ములో కొంత భాగమును దొరకుచుండెను. అందుచే ఈ కొలువునకు జనము ఎగబడుచుండిరి. అయితే ఆ రెండు రూపాయల హెచ్చునకు వాడు చెల్లించిన వెల తక్కువ కాదు. సొంత ఊరికి దూరముగనే వానిని నియమించుచుండిరి. బంధుప్రీతిచే దొంగలను విడిచిపెట్టునని భయము. ఇల్లు సర్కారు ఇయ్యదు. దొరకిన మట్టితో, కట్టెతో తానే గుడిసె వేసికొనవలెను. ఆలుబిడ్డలను దగ్గర నుంచుకొనరాదని మొదట నిబంధన యుండెను. మనస్సు పనిమీద నిలువదని కారణము చెప్పిరి. దాని ఫలము నీతికి హాని కలిగించుటయే యైనందున 1868లో ఆ నిబంధనను సడలించి కుటుంబములతో నుండనిచ్చిరి. పనివేళ దినమునకు 12 గంటలు: పగలు ఆరు, రాత్రి ఆరు. పగలు పనిచేసిన శరీరమునకు రాత్రి నిండునిద్ర లేదు. రాత్రి మేలుకొనిన కన్నులకు పగటి విశ్రాంతి చాలదు. ముండ్లచాటున ఏ చప్పుడైనను దొంగయో, నక్కయో, గాలియో తెలియదు. చూడక పోయిన తప్పు, చూడబోయిన ప్రాణభయము.

1876–77 సంవత్సరమున ఈ కొలువును విడిచినవారి లెక్క చూడుడు. హద్దుమీదనే చనిపోయినవారు 115 మంది. తొలగింపబడినవారు 276 మంది. కావలినుండి పారిపోయినవారు 30 మంది. సెలవుమీద వెళ్లి మరల రానివారు 360 మంది. పనికి చాలరని పంపివేయబడినవారు 23 మంది. మొత్తము 804. ఈ లెక్కలో నా మనస్సును పట్టుకొనినది ఆ 360 మంది. వారు ఎవ్వరితోడను తగవు పడలేదు, అర్జీ వ్రాయలేదు. సెలవు చీటి పుచ్చుకొని ఇంటికి పోయిరి. ఇల్లు చూచిన పిమ్మట ఆ ముండ్లకంచె దగ్గరకు కాళ్లు రాలేదు. ఐదు రూపాయల జీతమును కాదని, మూడు రూపాయల కూలికో, దున్నుటకో నిలిచిపోయిరి. కావలిపని యెంత కష్టమో చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వలయునా?

దొంగచాటున ఉప్పు దాటించువారి ఉపాయములకు అంతు లేదు. కావలి పలుచగ నున్న మొదటి దినములలో ఆయుధములు ధరించిన ముఠాలు ఉప్పు మోయు ఒంటెలను, ఎద్దులను గుంపుగ తోలి హద్దును ఛేదించుకొని పోవుచుండెడివి. కంచె బలిసిన పిదప దొంగలు నేర్పునకు దిగిరి. ఉప్పును ఇతర సరకులలో దాచి తెచ్చుట ఒక మార్గము. కంచె ఈ ప్రక్కనుండి మూటలను విసరగా ఆ ప్రక్కనున్నవాడు అందుకొనుట మరియొక మార్గము. కొందరు గడుసువారు తామే ఉప్పును పాతిపెట్టి, తామే కనుగొనినట్లు చూపి, పట్టిచ్చినవారికి సర్కారు ఇచ్చు సగము బహుమానమును కాజేయుచుండిరి. చిక్కినవానికి ఇంచుమించు 8 రూపాయల జుల్మానా. చెల్లింపలేనివానికి ఆరువారముల చెర. 1868లో 2,340 మందికి ఇట్లు శిక్ష పడెను. 1877–78లో 6,077 మందికి. పదేండ్లలో రెండున్నర రెట్లు. కంచె ఎత్తు పెరిగినను జనుల ఉప్పు అవసరము తగ్గలేదని దీని అర్థము.

కొట్లాటలు జరిగెను. ఇరుప్రక్కల ప్రాణములు పోయెను. 1877 సెప్టెంబరులో ఇద్దరు జవానులు 112 మంది దొంగల ముఠాను పట్టుకొన నెంచి అడ్డగించిరి. ఇద్దరును హతులైరి. పిమ్మట ఆ ముఠాలో పెక్కుమంది పట్టువడి, కొందరు చెరకును కొందరు ద్వీపాంతరమునకును పోయిరి. నూటపండ్రెండుగురి ఎదుట ఇద్దరు నిలిచిన ఆ క్షణమును తలపోయుడు. వారిని ఆపినది ధైర్యమా, జీతమా, భయమా? ఏదియైనను వారు వీపు చూపలేదు. వారు పోరాడినది ఒక సామ్రాజ్యపు రాబడికై. వారి ఎదుట నిలిచినవారు మోసినది ఉప్పు. ఈ దేశమున పుట్టినవారు ఈ దేశమున పుట్టినవారిని, ఈ దేశపు నేల ఇచ్చిన ఉప్పుకై చంపుకొనిరి. దీనికంటె విచారకరమైన సరిహద్దు యుద్ధము నాకు తెలియదు.

ఊరివారు ఈ జవానును ప్రేమించిరా? లేదు. వాడు పరాయి ఊరివాడు. కంచెలోనికి కట్టె చాలనపుడు ఇండ్ల కట్టెలను సైతము లాగుకొనిపోవుచుండిరి. పొలము కంచెకు ఒక ప్రక్కను ఇల్లు మరియొక ప్రక్కను ఉన్న రైతు ప్రతిదినము ద్వారముకడకు నడచి, తనిఖీకి నిలిచి, పనికి పోవలసియుండెను. జనుల మనస్సును కొంత చల్లార్చుటకు హద్దు చేరువ నివసించువారికి 2 పౌనుల ఉప్పు, అనగా ఉత్తరాది లెక్కను ఒక శేరు, పన్ను లేకుండ తీసికొనిపోవుటకు సెలవిచ్చిరి. కాని శేరు కొలిచి విడుచువాడును జవానే, శేరు మించెనని ఆపువాడును జవానే. అల్పజీతగాని చేతిలో అంత అధికారము పెట్టినచో కంచె చేను మేయుటకు తావేర్పడును. ధర్మబుద్ధి గలవాడు సైతము పైనుండి అధికారి గద్దింపునకు, క్రిందినుండి ఊరివారి శాపనార్థములకు నడుమ అడకత్తెరలో పోకచెక్కయై యుండెను.

పై అధికారులగు ఆంగ్లేయుల కొలువును సుఖమైనది కాదు. ఒక్కొక్కని క్రింద నూరుమంది వరకు జవానులు, 10 మొదలు 30 మైళ్ల హద్దు. ఆదివారము లేదు, పండుగ లేదు. దినమునకు 9 మైళ్ల వరకు తానే తిరిగి చూడవలెను. తన భాష మాటలాడువాడు ప్రక్కహద్దు అధికారి యొక్కడే. ఏటికి మూడుమారులు పై అధికారి వచ్చును. ఇంతకు మించి పలుకరించు దిక్కు లేదు. అయినను వారికి పదవి పెరుగు దారి కలదు, గౌరవముగల జీతము కలదు. ఆంగ్లము బాగుగ రానివారికి ఆ పదవులు దక్కవు గనుక మనవారు జమాదారు మెట్టుపైననే ఆగిపోయిరి.

కమీషనరుగ నుండిన హ్యూము దొర ఎవరో మీలో కొందరు గుర్తించియుందురు. అలన్ ఆక్టేవియన్ హ్యూము. 1885 డిసెంబరులో బొంబాయిలో భారత జాతీయ మహాసభ మొదటి సమావేశమునకు కారకులలో ముఖ్యుడు ఆయనయే. ఉప్పుకంచెను పెంచిన చేయియే కాంగ్రెసు విత్తును నాటినది. ఆ మహాసభయే 1930లో గాంధీమహాత్ముని నాయకత్వమున ఉప్పుచట్టమును ధిక్కరించినది. చరిత్ర గమనము ఇట్లు వింతగ నుండును. మనిషిని ఒక్క పనిని బట్టి తూచరాదని దీనివలన నేర్వదగియున్నది.

ఆ కంచె ఎట్లు తొలగెను? ఎవరికో దయ కలిగి తొలగలేదు. వ్యాపారమునకు అది మెడకు గుదిబండ యయ్యెను. దాని నిర్వహణవ్యయము భారమయ్యెను. రైళ్లు వచ్చెను. ఆర్థికమంత్రియగు సర్ జాన్ స్ట్రేచీ ఈ పద్ధతిని మిక్కిలి నిందించెను. 1869–70లో జయపుర, జోధపుర సంస్థానములనుండి సాంభరు సరస్సును సర్కారు కౌలునకు పుచ్చుకొనియుండెను. తక్కిన రాజపుత్ర సంస్థానములతోడను ఒడంబడికలు కుదిరెను. ఉప్పు పుట్టుచోటనే పన్ను వసూలు చేసినచో దారిలో కంచె ఎందులకు? కనుక లార్డు లిట్టను కాలమున, 1879 ఏప్రిలు 1వ తేదీన, హద్దును ఎత్తివేసిరి. వేలకొలది జవానుల కొలువు పోయెను. కంచె వంటచెరకయ్యెను.

ఇచ్చట మన తెలుగుదేశమునకు సంబంధించిన ముచ్చట కలదు. హద్దు తీయవలెనన్న రెండు ప్రక్కల పన్ను ఇంచుమించు సమానము కావలెను. ఉత్తరదేశపు 3 రూపాయలను 2 రూపాయల 8 అణాలకు తగ్గించిరి. వంగదేశపుదియు కొంత తగ్గెను. మరి మన మద్రాసు రాజధానిలో నుండినది 1 రూపాయి 13 అణాలు. దానిని 1878 నాటికి 2 రూపాయల 8 అణాలకు పెంచిరి. ఆ సంవత్సరములేవియో గుర్తున్నదా? 1876 మొదలు 1878 వరకు. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనిన కరువు. బళ్లారి, కర్నూలు, కడప మండలములలో గంజికి గతిలేక జనము రాలిపోయిన దినములు. మనము మునుపు అనుకొనిన ఐదుగురి సంసారమునకు ఏటి ఉప్పుపన్ను రూపాయి 7 అణాలనుండి 2 రూపాయలకు ఎక్కెను. ఉత్తరాది రైతు ఎదుటి ముండ్లు తీయుటకు దక్షిణాది కరువుబాధితుని గంజిలోని ఉప్పుపై పన్ను వేసిరి. ఒక అన్యాయమును మరియొక అన్యాయముతో మాన్పినట్లైనది. దీనిని మనము మరువరాదు.

మన సీమలో ముండ్లకంచె లేకపోయినను కావలి లేకపోలేదు. 1805లోనే మద్రాసు రాజధానిలో ఉప్పు సర్కారు గుత్తాధికారము క్రిందికి వచ్చెను. మన సముద్రతీరమున ఉప్పుమళ్లలో పండిన ఉప్పు సర్కారు కొఠారులకు చేరవలెను. అచ్చట జవానుల పహరా. ఎద్దుల మందలపై ఉప్పు వేసికొని తీరమునుండి లోసీమలకు పోవు లంబాడీల బిడారములను మీ తాతలు చూచియుందురు. సీమజిల్లాలలో ఉప్పరవారు చవుటిమన్ను నుండి వండు ఉప్పును సైతము కాలక్రమమున అణచివేసిరి. పల్లపునేలలో తనంతట కట్టిన ఉప్పును గుప్పెడెత్తుకొనుటయు నేరమయ్యెను. అందువలననే 1930 ఏప్రిలు 6న దండి తీరమున మహాత్ముడు వంగి పిడికెడు ఉప్పు ఎత్తగా బందరు తీరమున మనవారికి దాని అర్థము వేరుగ బోధింపవలసిన పని లేకపోయెను. తుదకు 1947లో ఉప్పుపన్ను రద్దయ్యెను.

అంత పెద్ద కంచె జనుల జ్ఞాపకమునుండి ఎట్లు మాసిపోయెను? లండనులో గ్రంథసంరక్షణోద్యోగిగ నుండిన రాయ్ మాక్సాం అను ఆంగ్లేయుడు పాతపుస్తకముల అంగడిలో స్లీమన్ దొర గ్రంథమును కొని, అందొక పాదసూచికలో ఈ కంచె ప్రస్తావన చూచి ఆశ్చర్యపడి, మన దేశమునకు వచ్చి ఏండ్లతరబడి వెదకెను. 1998లో చంబలు నదీప్రాంతమున, ఇటావా మండలమున, గట్టు శేషమును, దానిపై కొన్ని ముండ్లచెట్లను కనుగొనెను. ఆయన గ్రంథము 2001లో వెలువడినది. గట్టు చదునుగ నుండుటచే హద్దులో కొంతభాగము బాటలుగ మారిపోయినది. మన దేశపు కంచెను మనకు జ్ఞాపకము చేయుటకు పరదేశి రావలసివచ్చెను. మన ఊళ్లలో ముసలివారు చెప్పు పాతమాటలను వ్రాసియుంచవలసిన అగత్యమునకు ఇంతకంటె నిదర్శనము వేరొండు లేదు. మీ ఊరి ఉప్పుకొఠారు ఎచ్చట నుండెనో, లంబాడీ బిడారము ఏ చెరువుగట్టున దిగెనో మీరు వ్రాయకున్న ఇంకెవరు వ్రాయుదురు?

ఇప్పుడు మొదటి విషయమునకు వత్తము. కావలివాడు దోషియా? ఉప్పు తిన్నవానికి విశ్వాసము ధర్మమని మన పెద్దల మాట. ఆ జవాను నిజముగనే ఉప్పు వలన వచ్చిన కూడు తినెను. ఆ కూటికి తగినట్లు ప్రాణముపోవునంత వరకు కొందరు నిలిచిరి. వారి విశ్వాసమును నేను నిందింపజాలను. దోషము కంచె గీసినవారిది. కౌటిల్యుని అంతపాలుడు సుంకము పుచ్చుకొని బాటసారి సొత్తునకు పూచీ యుండెను. ఉప్పుకంచె జవానును పుచ్చుకొనుటకే నిలిపిరి గాని, దేనికిని పూచీ యుంచలేదు. రక్షణము లేని సుంకము కొల్ల యగును. కొల్లకు కావలి నిలిచినవాడు ఎంత మంచివాడైనను ఊరివారి కంటికి దొంగగనే కనబడును. చెడ్డచట్టమువలన కలుగు కీడులలో ఇది యొకటి: అది పేదవానిని బాధించుటయే గాక, ఆ పేదవాని తోడబుట్టినవానినే బాధకుడుగ నియమించును.

నేడు మన దేశమునకు నిజమైన సరిహద్దులు కలవు. వానిని కాచుటకు 1965 డిసెంబరు 1న సరిహద్దు భద్రతాదళము ఏర్పడినది. థార్ ఎడారి వేడిమిలోను, కచ్ఛపు ఉప్పుబురదలోను, కాశ్మీరపు మంచులోను దేశపు నలుమూలల బిడ్డలు, మన తెలుగుబిడ్డలు కూడ, కావలి తిరుగుచున్నారు. నిద్రలేమి, ఒంటరితనము, ఇంటిమీది బెంగ, చీకటిలో చప్పుడు: ఈ కష్టములు అన్ని కాలముల కావలివారికి సమానమే. వారిని పంపిన పాలకుల విధి ఆ కష్టమునకు తగిన ధర్మమును వారికి కల్పించుట: తగిన ఇల్లు, తగిన సెలవు, సిగ్గుపడ నవసరములేని పని. మన విధి వారిని, వారి ఇంటివారిని ఆదరించుట. సెలవుపై వచ్చిన కావలిబిడ్డ మీ ఊరి అరుగుమీద కూర్చున్నపుడు జీతమెంతయని అడుగుటకు ముందు, రాత్రి నిద్ర ఎట్లు పట్టుచున్నదని అడుగుడు. ఉప్పుకంచె దగ్గరనుండి ఇంటికి వచ్చి మరల పోని ఆ 360 మందిని ఆ మాట అడిగినవారు ఉండిరో లేదో!

స్వస్తి.